నాలుక మొద్దుబారనివ్వకే చెల్లీ

పోయిన మంగళవారం రాత్రి పదిన్నర దాటాక ఫోను మోగింది. ఆ వేళప్పుడు ఫోనంటే మన ఆడవాళ్లకి ముందు పుట్టిల్లే గుర్తొస్తుంది. గుండె దడదడలాడుతుంటే తీశాను. పుణెలో ఉద్యోగం చేస్తున్న చెల్లెలు. తోడబుట్టింది కాదు, స్టేజి ఇచ్చిన చెల్లెలు. మూడేళ్ల కిందట రెండు నాటక పరిషత్తు పోటీల్లో నాకు కూతురుగా వేసింది.

"అక్కా, రూమ్మేటు ఊరెళ్లింది కదాని తలుపేసుకుని మన నాటకంలో నా పోర్షన్ చెప్పుకున్నా. ఒక్క ముక్క మర్చిపోలేదు. కానీ అది నేను కాదక్కా. ఎవరో పుస్తకం చూసి చదువుతున్నట్టుంది. ఇంక నాకు నాటకం అచ్చిరాదేమో" అని వెక్కివెక్కి ఏడ్చింది.

ఆ రాత్రికి దాన్ని ఓదార్చి పడుకోమన్నాను గానీ నాకు నిద్ర పట్టలేదు. సరిగ్గా ఆ మాటే ఒకప్పుడు నేనూ అనుకున్నాను. ఇలాంటి వాళ్లు ఇంకా ఎందరున్నారో! బ్యాంకు బదిలీ మీద వెళ్లినవాళ్లు, మస్కట్‌లో నర్సులుగా ఉన్నవాళ్లు, మొగుడి ఉద్యోగం వెంట డాలస్ చేరినవాళ్లు, సీటొచ్చి ఢిల్లీ హాస్టల్లో చదువుతున్నవాళ్లు. ముఖాన రంగు పూసుకుని, మూడో బెల్లు కొట్టగానే కడుపులో తిప్పుతుంటే స్టేజికి దణ్ణం పెట్టి లైట్లోకి అడుగేసిన ప్రతి పిల్లా నాకు చెల్లెలే. ఫోనులో చెప్పలేకపోయినవన్నీ అందరికీ కలిపి ఇక్కడ చెబుతున్నా.

నాకు ప్రమోషన్ ఇచ్చి ఖరగ్‌పూర్ బ్రాంచికి వేసినప్పుడు మా బాబు ఏడో క్లాసు. 2008 జూన్. తెనాలిలో ఇల్లు, అత్తగారు, రిహార్సల్ గది అన్నీ వదిలి పెట్టె సర్దుకున్నాను. అడుగున నాలుగు నాటకాల కాపీలు పెట్టుకున్నా. ఎనిమిది నెలల పాటు వాటికి కట్టిన తాడు విప్పలేదు. పొద్దున నుంచి రాత్రి ఏడింటి దాకా కౌంటర్లో హిందీ, ఫైళ్లలో ఇంగ్లీషు, పక్క సీటు వాళ్లతో వచ్చీరాని బెంగాలీ. గదికొచ్చాక ఫోనులో బాబుతో ఐదు నిమిషాలు. రోజు మొత్తానికీ నేను మాట్లాడే తెలుగు అంతే.

ఫిబ్రవరిలో సెలవు పెట్టి వచ్చి పరిషత్తులో ఆడాను. తల్లి పాత్ర. అంతకు ముందు ఇరవై సార్లు వేసిన వేషమే, రెండు రిహార్సల్స్ చాలనుకున్నాం. చప్పట్లు పడ్డాయి, తెర పడింది. మేకప్ తుడుచుకుంటుంటే న్యాయనిర్ణేతల్లో పెద్దాయన ఒకరు లోపలికొచ్చి, "అమ్మా, ముఖంలో అంతా ఉంది. మాటే మాకు అందలేదు. చివరి అక్షరాలు మింగేస్తున్నావు" అన్నారు. నాకు కోపం వచ్చింది. మైకుల తప్పనుకున్నా. ఇంటికెళ్లి మావాళ్లు తీసిన వీడియో చూశాక ఇక మాట్లాడలేదు.

కొడుకు గురించి తల్లి అనే మాట ఒకటుంది అందులో, "వాడి మొహంలో కళ పోయిందండీ" అని. నేను "వాడి మొహంలో కల పోయిందండి" అన్నాను. "వచ్చాను" అనాల్సిన చోటల్లా "వచ్చాన్". "కాదు" కాస్తా "కాద్". తడబడి అన్నది కాదు. చక్కగా, నిబ్బరంగా, తప్పు పలికాను.

ఊరు దాటిన నటిలో ముందుగా పోయేది నాలుక అని ఆ రాత్రి తెలిసింది నాకు. మనమేమో జ్ఞాపకం గురించి బెంగపడతాం, స్టేజి భయం గురించి బెంగపడతాం. అవి ఎక్కడికీ పోవు. నా చెల్లెలికి డైలాగులన్నీ గుర్తుండీ అవి తనవి కాకుండా పోవడానికి కారణం ఇదే.

మనది మాట చివర అచ్చు పలికే భాష. హిందీలో రామ్ అని ఆగిపోయేవాణ్ణి మనం రాముడు అని సాగనంపుతాం. రోజంతా మాటని టక్కున ఆపడం అలవాటైన నోరు సాయంత్రానికి మన 'ఉ'నీ 'ఇ'నీ కూడా ఆపేస్తుంది. 'ళ' పలకాలంటే నాలుక వెనక్కి మడవాలి. నేను రోజూ వినే బెంగాలీలో 'ళ' లేదు. 'ణ' రాతలో ఉన్నా పలుకులో 'న' అయిపోతుంది. ఎనిమిది నెలలు మడవని నాలుకని ఒక్క రాత్రి స్టేజి మీద మడవమంటే ఎలా మడుస్తుంది?

ఇది ఉచ్చారణ గొడవ మాత్రమే అనుకోకు చెల్లీ. మన పిలుపూ, ఏడుపూ, బతిమాలడమూ అన్నీ మాట చివరి అచ్చు మీదే సాగుతాయి. "ఎక్కడికెళ్లావురా" అన్నప్పుడు ఆ 'రా' ఎంత సాగింది, పైకి లేచిందా కిందికి జారిందా అన్నదాన్ని బట్టే ఆ తల్లిది కోపమో బెంగో చివరి వరసలో కూర్చున్న ముసలాయనకి తెలుస్తుంది. ఆ చివర మింగేశావా, భావం మొత్తం మింగేసినట్టే. నా వేషంలో ఆ రోజు జరిగింది అదే. ముఖం ఏడుస్తోంది, మాట ఆఫీసులో ఉంది.

ఇలాంటప్పుడు నేను సురభి నాటకాల వాళ్లని తలుచుకుంటాను. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ఆడి మొదలైన కుటుంబాలు. తరతరాలు ఊరూరా మకాం వేసుకుంటూ, తెరలూ ట్రంకుపెట్టెలూ పిల్లాపాపలతో సహా తిరిగినవాళ్లు. వాళ్లు ఇంట్లో మాట్లాడుకునేది మరాఠీకి చెందిన ఆరె భాష. స్టేజి మీద పలికేది తెలుగు. అయినా ఎంత తెలుగు! మన మొదటి టాకీ భక్తప్రహ్లాదలో లీలావతిగా వేసిన కమలాబాయి ఆ సురభి బిడ్డే. ఇంటి భాష వేరైన కుటుంబం నుంచి వచ్చి తెలుగు తెర మీద మొట్టమొదటి కథానాయికగా మాట్లాడిందంటే ఆలోచించు. మగవాళ్లే ఆడవేషాలు కట్టే రోజుల్లో తమ ఆడవాళ్లని స్టేజి ఎక్కించినవాళ్లు కూడా వాళ్లే.

వాళ్లకది ఎలా సాధ్యమైంది? రోజూ సాయంత్రం నాటకం. పసిపిల్లలు కూడా పక్క వింగులో నిలబడి పెద్దవాళ్ల మాట వింటూ పెరిగారు. వింగులో విన్నది రేపు తను పలకాలి. అంతే రహస్యం. ఊరు మారినా సాయంత్రం మారలేదు వాళ్లకి. మనకి ఊరితో పాటు సాయంత్రం కూడా మారిపోతోంది. తంటా అంతా అక్కడ వచ్చింది.

"నాకు సురభి లేదుగా అక్కా, ఒక్కదాన్నే కదా" అంటావు. సరే, ఒక్కతే ఉండి నిలబెట్టుకున్నవాళ్ల సంగతి విను. తిరునాళ్లకీ, నవమి పందిళ్లకీ పౌరాణిక నాటకాలు కుదిర్చే కాంట్రాక్టర్లుంటారు, తెలుసుగా. హరిశ్చంద్రుడు ఒక ఊరి నుంచి, చంద్రమతి ఇంకో ఊరి నుంచి, హార్మోనిస్టు మరో ఊరి నుంచి బస్సులు దిగుతారు. రిహార్సలన్న మాటే ఉండదు. మేకప్ దగ్గర పలకరింపు, శ్రుతి చూసుకోవడం, తెర లేవడం. తెల్లవారుజామున కాటిసీను అయ్యాక మళ్లీ ఎవరి బస్సు వాళ్లది. అలా ఏళ్లపాటు చంద్రమతి వేసిన ఒక పెద్దావిడని నేను అడిగాను, "వదినా, ఎవరితోనూ కూర్చోకుండా ఇంత పోర్షన్ ఎలా పదునుగా ఉంచుకుంటావు?" అని. "అన్నం వారుస్తూ మొదలెడతాను అమ్మడూ. కూర దించేసరికి కాటిసీను దాకా రావాలి. రాలేదంటే ఆ రోజు ఎక్కడో తడబడ్డానని లెక్క" అంది. ఆవిడకి తాళం, గడియారం, ప్రాంప్టరు అన్నీ ఆ పొయ్యే.

ఆ మాట పట్టుకుని ఖరగ్‌పూర్ తిరిగెళ్లాను. వెళ్లిన మర్నాడే కాపీల తాడు విప్పాను. ఏం చేశానో చెబుతాను, నీ గదికి తగ్గట్టు నువ్వు మార్చుకో.

ముందు గొంతు. అద్దె గది, గోడకవతల ఇంటివాళ్లు. పొద్దున్నే 'ఆ' అని రాగం తీస్తే ఊరుకోరు. గొంతు పట్టేసినప్పుడు డాక్టరు దగ్గర నేర్చుకున్న పద్ధతి ఒకటి ఉపయోగపడింది. గ్లాసులో సగం నీళ్లు పోసి, స్ట్రా కొస రెండు వేళ్ల లోతు ముంచి, 'ఊ' అని గొంతు కలుపుతూ బుడగలు వచ్చేలా ఊదాలి. మంద్రం నుంచి పైకి, పైనుంచి కిందికి మెల్లగా జారాలి. మూడు నిమిషాలు చాలు. పక్క మంచం మీద పిల్ల కూడా లేవదు. గొంతు వదులై, బిగుసుకోకుండా తెరుచుకుంటుంది. ఒకటి మాత్రం చెయ్యకు. ఎవరైనా లేస్తారేమోనని గుసగుసగా డైలాగులు చెప్పుకోకు. గుసగుసలో గొంతు బిగుసుకుంటుంది, మామూలు మాట కంటే ఎక్కువ అలిసిపోతుంది. చిన్న గొంతుతోనైనా నిండుగా పలుకు. గట్టిగా చెప్పాలనుంటే డాబా మీదికి పో, లేదంటే మిక్సీ తిరిగే వేళ చూసుకో. ఏసీలో పొద్దస్తమానం కూర్చునేదానివి, మంచినీళ్ల సీసా చేతికందేలా ఉంచుకో.

తర్వాత నాలుక. కల, కళ. కల్లు, కళ్లు. మల్లి, మళ్లీ. ఇలాంటి జంటలు ఒక కాగితం మీద రాసి అద్దానికి అంటించాను. తల దువ్వుకుంటూ చదివేదాన్ని. చదవడం అంటే పరుగెత్తడం కాదు, చివరి అచ్చు పూర్తిగా వినిపించేదాకా నోరు మూయకూడదు. పదిహేను రోజులకి తేడా తెలిసింది. ఎలా తెలిసిందంటే, మా బాబు ఫోనులో "అమ్మా, నువ్వు మళ్లీ మామూలుగా మాట్లాడుతున్నావు" అన్నాడు. వాడికి నేను ఏమీ చెప్పలేదు.

ఇక పద్యం. నువ్వు సాంఘిక నాటకాలే ఆడతావు, పద్యం నీకెందుకని అడగొచ్చు. ఊపిరి కోసం. ఉత్పలమాలలో పాదానికి ఇరవై అక్షరాలు, పదో అక్షరం దగ్గర యతి. చంపకమాలకి ఇరవైయొకటి, పదకొండో అక్షరం దగ్గర. మొదట పాదం మొత్తం ఒక్క ఊపిరిలో చెప్పు, యతి దగ్గర మాట నొక్కుతూ, ఊపిరి మాత్రం తీసుకోకుండా. అది కుదిరాక రెండు పాదాలు ఒక్క ఊపిరిలో. సీసపద్యం దగ్గరికి వచ్చేసరికి ఒక్కో పాదమే రెండు పాదాలంత ఉంటుంది, అలాంటివి నాలుగు, ఆపైన గీతం. సీసాన్ని నిదానంగా, అర్థం చెడకుండా, ఆయాసం వినపడకుండా దాటించగలిగిన మనిషికి సాంఘికంలో ఏ పేజీ డైలాగూ బరువనిపించదు. రాగం తీయక్కర్లేదు. మాట్లాడుతున్నట్టే చెప్పు. చిన్నప్పుడు బడిలో నేర్చుకున్న పద్యాలు నీకు ఓ పదైనా వచ్చి ఉంటాయి. వాటితో మొదలుపెట్టు. నేనైతే బ్రాంచికి నడిచే దారిలో, గేటు దగ్గర గూడ్సు బండి పోయేదాకా నిలబడే వేళలో చెప్పుకునేదాన్ని. ఆ చప్పుడులో ఎంత గట్టిగా చెప్పినా ఎవరికీ వినపడదు.

ఒంటి సంగతికొస్తే, ప్రయాణాలు చేసేవాళ్లకి దొరికినంత చదువు ఇంట్లో ఉన్నవాళ్లకి దొరకదు. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం కిలోమీటరు పైనే పొడుగు. ఆదివారాలు నేను ఆ చివర నుంచి ఈ చివరకి నడిచేదాన్ని. బెంగాలీ పెద్దావిడలు తాళాల గుత్తి చీర చెంగుకి కట్టి భుజం మీదుగా వెనక్కి వేసుకుంటారు. ఆ బరువు వీపుకి తగులుతుంటే మెడ కొంచెం నిటారుగా, నడక కొంచెం నెమ్మదిగా, ఇంటి పెత్తనం అంతా ఆ నడకలోనే కనిపిస్తుంది. గదికొచ్చి నా చెంగుకి తాళాలు కట్టుకుని నడిచి చూశాను. ముందు పాదం ఎలా పడుతోంది, తర్వాత భుజం, తర్వాత చూపు ఎంత దూరంలో వాలుతోంది. ఒకేసారి మనిషి మొత్తాన్ని తెచ్చేసుకోవాలనుకోకు, అది అనుకరణ అయిపోతుంది. ఒక్కటి తెచ్చుకో, మిగతావి దాని వెనకే వస్తాయి.

మాయాబజార్‌లో సావిత్రిగారిని మళ్లీ చూడు. 1957 నాటి సినిమా. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా ఆవిడ అడుగులు చూడు, రొమ్ము విరుచుకోవడం చూడు, చెయ్యి విసరడం చూడు. అదే చీర, అదే నగలు, అదే ముఖం. లోపల మాత్రం ఘటోత్కచుడు వేసిన రంగారావుగారు నడుస్తున్నారు. అంత నాజూకు మనిషి అంత భారీ మనిషిని తన ఒంట్లోకి ఆవాహన చేసుకుందంటే, అది కళ్లతో చూసి చేసిన పని. స్థానం నరసింహారావుగారు సత్యభామగా, మధురవాణిగా ఏళ్లకేళ్లు జనాన్ని మెప్పించారంటే ఆడవాళ్ల కదలికని ఎంత శ్రద్ధగా చూసి ఉండాలి! ఆయన నటస్థానం అని ఒక పుస్తకం రాశారు, దొరికితే తెప్పించుకో.

అయితే చెల్లీ, చూడటానికీ ఒక మర్యాద ఉంది. ఎవరినీ గుచ్చి చూడకు, ఫోనుతో వీడియో తీయకు. చూసింది మనసులో పెట్టుకుని గదికొచ్చి నోట్‌బుక్‌లో రాసుకో. ఒంటరిగా చీకటి పడ్డాక స్టేషన్లలో కూర్చోకు. అక్కగా ఆ మాట చెప్పకుండా ఉండలేను.

ఇప్పుడు నాకు అన్నింటికన్నా ఇష్టమైన సంగతి చెబుతా. ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగాల కోసం తరాల కిందటే వచ్చి స్థిరపడిన తెలుగువాళ్లు బోలెడంతమంది. ఎక్కువగా శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్లు. ఎనిమిది నెలలు నేను వాళ్లని పట్టించుకోలేదు. వాళ్ల పిల్లలు తెలుగు మధ్యలో బెంగాలీ, హిందీ కలిపేస్తారు. ఇదేం తెలుగు అనుకునేదాన్ని. నాలుక దెబ్బతిని వచ్చాక చెవులు తెరుచుకున్నాయి. మా వీధి చివర ఒక రైల్వే ఫిట్టరు భార్య, భర్త పోయి చాన్నాళ్లయింది, డెబ్బై దాటిన మనిషి. ఒక సాయంత్రం గుమ్మంలోంచి పిలిచింది. "ఏటమ్మా, ఒక్కర్తివే ఉంటన్నావేటి? బేగొచ్చీ, టీ తాగుదుగాని."

త్వరగా వచ్చెయ్ అనే ఆ 'బేగొచ్చీ' వినగానే నాకు ఒళ్లు పులకరించింది. కొత్తతరం పిల్లలకి లేని తెలుగు ఆ ముసలివాళ్ల నోట్లో చెక్కుచెదరకుండా ఉంది. ఊరి నుంచి ఎప్పుడో తెచ్చుకున్నది, మధ్యలో రేడియో గానీ టీవీ గానీ మార్చలేనిది. 'గుంట' అంటే వాళ్లకి ఆడపిల్ల. 'నేను' అనరు, 'నాను' అంటారు. క్రియ చివర తిప్పే తీరే వేరు. ఆ పైవారం నుంచి ఆదివారం సాయంత్రాలు ఆవిడ ఇంటికెళ్లి కూర్చునేదాన్ని. చుట్టుపక్కల ఇంకో ముగ్గురు ఆవిడ ఈడువాళ్లు చేరేవాళ్లు.

ఒకసారి కన్యాశుల్కం పట్టుకెళ్లాను. విజయనగరంలో 1892లో మొదటిసారి ఆడిన నాటకం, గురజాడవారు మళ్లీ బాగా పెంచి 1909లో అచ్చు వేయించారు. మేం తెనాలిలో ఆ నాటకంలో సీన్లు ఎన్నోసార్లు వేశాం. నాకు బాగా వచ్చనే అనుకున్నాను. నాలుగు పేజీలు చదివేసరికి పెద్దావిడ చెయ్యెత్తి ఆపింది. వెంకమ్మ మాట ఒకటి నేను గుంటూరు సాగతీతలో చదివాను. ఆవిడ దాన్ని తన నోటితో తిరిగి పలికింది. అంతే. ఆ వాక్యంలో అప్పటిదాకా నాకు కోపమే కనిపించేది. ఆవిడ పలికితే అందులో భయం వినపడింది. కూతురి గురించీ కొడుకు గురించీ ఎటూ చెప్పలేని ఆడదాని భయం. ఆ నలుగురిలో ఎవరూ ఆ నాటకం చదవలేదు, చూడలేదు. ఆ భాష మాత్రం వాళ్ల అమ్మమ్మల నోటి మాట. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఒక్కో రంగం. నేను చదవడం, వాళ్లు సరిదిద్దడం. మీనాక్షి, బుచ్చమ్మ, మధురవాణి అందరూ ఆ వరండాలో కొత్తగా కనిపించారు నాకు. ఇంత చదువు నాకు ఏ వర్క్‌షాపూ చెప్పలేదు.

మూడేళ్లకి తిరిగొచ్చాక కొత్త నాటకం ఒకటి కుదిరింది. శ్రీకాకుళం నుంచి వలస వచ్చిన కూలి తల్లి వేషం. మా దర్శకుడు యాస నేర్పించడానికి ఎవరినైనా పిలిపిద్దామన్నాడు. "అక్కర్లేదు" అని మొదటి పేజీ చదివాను. గదంతా నిశ్శబ్దం అయిపోయింది. ఆ వేషం వేసిన ప్రతిసారీ నేను తలుచుకునేది ఖరగ్‌పూర్ వరండానే.

అందుకే పుణె చెల్లెలికి నేను గట్టిగా చెప్పేది ఇదీ. నువ్వున్న ఊళ్లో తెలుగు పలికే నోళ్లు తప్పకుండా ఉంటాయి. భవనం కట్టే మేస్త్రీల దగ్గర పాలమూరు తెలుగుంటుంది. ఆఫీసు క్యాంటీన్లో నెల్లూరు తెలుగుంటుంది. నీ పక్క డెస్కు పిల్ల వరంగల్‌ది కావచ్చు, అది అమ్మతో ఫోన్లో మాట్లాడేటప్పుడు వచ్చే తెలుగు వేరు, నీతో మాట్లాడే తెలుగు వేరు. వాళ్లతో స్నేహం చెయ్యి. వాళ్ల మాటని వెక్కిరించడానికి నేర్చుకోకు, ఆ మాటలో బతకడానికి నేర్చుకో. మన స్టేజి మీద తెలంగాణ యాసనీ, ఉత్తరాంధ్ర యాసనీ నవ్వించడానికే వాడే అలవాటు చాలాకాలం ఉంది. అది తప్పు. ఒక తల్లి ఏడుపుని ఆ యాసలో ఏడ్చి చూపించు, అప్పుడు తెలుస్తుంది దాని బలం.

ఎదుటి మనిషి లేకుండా నటన లేదు, అది నిజం. ఒక్కదానివే ఎంత చెప్పుకున్నా, క్యూ అందుకుని స్పందించడం మర్చిపోతావు. వారానికి ఒక్కసారైనా ఎవరితోనన్నా ఫోనులో కలిసి చదువు. వీడియో కాల్ వద్దు, ఆడియో చాలు. వీడియోలో మన కళ్లు మన ముఖం మీదికే పోతాయి, పైగా మాట ఆలస్యంగా అంది మాట మీద మాట పడుతుంది. ఆడియోలో వినడం ఒక్కటే ఉంటుంది. ఎదుటివాళ్ల ఊపిరి ఎక్కడ ఆగిందో కూడా వినపడుతుంది. విజయవాడ రేడియో నాటకాలు విని పెరిగిన మా తరానికి ఇది కొత్త కాదు. వీలైతే పాత రేడియో నాటకాలు వెతుక్కుని కళ్లు మూసుకుని విను.

సినిమాలకీ, వెబ్ సిరీసులకీ ఇంట్లోనే తీసుకున్న ఆడిషన్ వీడియో, అదే సెల్ఫ్ టేప్, పంపమని అడుగుతున్నారట మీ తరాన్ని. దాని గురించి నాకు తెలిసింది కొంచెమే. కిటికీ వెలుగు ముఖం మీద పడేలా కూర్చో, వెనక బోసి గోడ ఉండనీ, ఎదుటి డైలాగు చెప్పే మనిషి గొంతు నీ గొంతు కన్నా తగ్గి ఉండనీ. ఇక డబ్బు కడితే ఆడిషన్ అన్నవాడినీ, హోటల్ గదికి రమ్మన్నవాడినీ అక్కడికక్కడే వదిలెయ్. ఎంత పెద్ద పేరు చెప్పినా సరే. కొత్త ఊళ్లో ఒంటరిగా ఉన్న పిల్లల్నే వాళ్లు వెతుక్కుంటారు. వెళ్లే చోటు ఎక్కడో ఇంట్లో ఒకరికి చెప్పకుండా ఏ ఆడిషన్‌కీ బయల్దేరకు.

"ఉద్యోగం చేస్తూ ఇదంతా ఎలా అక్కా, రెండు పడవలు కదా" అని కూడా అంది పిల్ల. బళ్లారి రాఘవగారు వృత్తికి ప్లీడరు. పగలు కోర్టు, రాత్రి నాటకం. ఆయన మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులవారూ ప్లీడరే. నాటకాలు రాసి, సభ పెట్టి, ఆడించినాయన. రాఘవగారు ఇంగ్లండు దాకా వెళ్లొచ్చారు. ఆడవేషాలు ఆడవాళ్లే వెయ్యాలని గట్టిగా పట్టుబట్టిన మనిషి కూడా ఆయనే. ఇవాళ నువ్వూ నేనూ పేరు దాచుకోకుండా, తల వంచుకోకుండా స్టేజి ఎక్కుతున్నామంటే అలాంటి వాళ్ల చలవ. జీతం కోసం చేసే పని మనల్ని నటన నుంచి దూరం చెయ్యదు. మాట్లాడకుండా గడిచిన రోజులే దూరం చేస్తాయి.

పెళ్లయి బయటి దేశం వెళ్లిన చెల్లెళ్లకి ఇంకొక్క మాట. పిల్లాణ్ణి నిద్రపుచ్చి, గిన్నెలు కడిగి, అప్పుడు ప్రాక్టీసు చేద్దామనుకుంటే ఏ రాత్రీ కుదరదు. పిల్లాడికి కథ చెప్పడమే ప్రాక్టీసు చేసుకో. రాక్షసుడికొక గొంతు, అవ్వకొక గొంతు, పావురానికొక గొంతు. వాడికి తెలుగు వస్తుంది, నీకు గొంతు నిలుస్తుంది. ఇంట్లో ఎవరైనా ఇదేం పిచ్చి అంటే, పట్టించుకోకు. నువ్వు నటివి. నీ చేతిలో ఆ నెల నాటకం ఉన్నా లేకపోయినా నువ్వు నటివే.

నా పుణె చెల్లీ, ఈ పత్రిక నీ చేతికందేసరికి శుక్రవారం అవుతుంది. మన నాటకం రెండో రంగం తీసి పెట్టుకో, తల్లీకూతుళ్ల సీను. శనివారం అద్దం మీద ఆ కాగితం అంటించు. ఆదివారం సాయంత్రం ఆరింటికి నేను ఫోన్ చేస్తాను, వీడియో కట్టేసి తియ్యి. పలకరింపులు తర్వాత చూసుకుందాం. మొదటి డైలాగు నాదే, రెండోది నీది.